జత కట్టేటప్పుడు ఆడపాము మెడ మీద పంటిగాట్లు: ఎంతవరకు మామూలు?

#1 చారలపాము
అందరికీ నమస్కారం. నా దగ్గర కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ జంట ఉంది. ఆడది బ్రూమేషన్ (చలికాలపు నిద్ర) నుంచి లేచి, బాగా తిని, ఈమధ్యే కుబుసం విడిచింది. ఇదే అదను అనుకుని నిన్న సాయంత్రం మగదాన్ని దాని దగ్గర వదిలాను. మగది కాసేపు వీపు మీద గడ్డం ఆనించి పాకింది. తర్వాత ఉన్నట్టుండి మెడ పట్టుకుని కరిచింది. అదే పట్టులో లాక్ అయ్యాయి (జతగా కలుసుకుపోయాయి), అయ్యేదాకా వదల్లేదు.

విడిపోయాక చూస్తే ఆడదాని మెడకి కుడివైపు పంటిగాట్లు వంకీగా ఒక వరసలో ఉన్నాయి. ఒక పొలుసు లేచింది, ఇంకోటి ఊడిపోయి కింద గులాబీరంగు చర్మం కనపడుతోంది. రక్తం కొంచెం వచ్చి ఆగిపోయింది. నీళ్ళు తాగింది, నాలుక ఆడిస్తోంది, చురుగ్గానే ఉంది. ఫొటోలు రెండు పెట్టాను. దీనికి ఏమైనా చేయాలా, వదిలేయాలా? ఈ సీజన్‌లో మళ్ళీ జత వేయొచ్చా?

#2 అర్ధరాత్రి_ఎలుక
మా దగ్గర ప్రతి ఏడూ ఇదే తంతు. నేనేం చేయను. తర్వాతి కుబుసంతో పోతుంది.

#3 పాతకాపు
చారలపాము గారూ, ముందు కంగారు తగ్గించుకోండి. కింగ్‌స్నేక్ మగవి ఆడదాని మెడ కరిచి పట్టుకోవడం మామూలే. ఆడది కదిలిపోకుండా పట్టు కోసం చేస్తాయి, కోపంతో కాదు. మిల్క్ స్నేక్‌లలోనూ చూశాను.

కానీ రెండు సంగతులు చెప్పండి. ఆడది చివరిసారి ఎప్పుడు తింది? ఇవి కలిసి ఉన్నంతసేపూ మీరు అక్కడే ఉన్నారా? ఎందుకంటే కింగ్‌స్నేక్‌కి ఇంకో పాము అంటే ఆహారం కూడా. మెడ పట్టు ఒక్కోసారి మింగుడు పట్టుగా మారుతుంది. ఆ తేడా కళ్ళారా చూస్తేనే తెలుస్తుంది.

#4 చారలపాము
రెండూ ముందే బాగా తిన్నాయి అన్నా. నేను కుర్చీ వేసుకుని అక్కడే కూచున్నా. ఆడదాన్ని చుట్టేసి బిగించడం లాంటిదేమీ లేదు. మగదాని తోక మాత్రం ఆడదాని తోక కిందికి చుట్టుకుంది.

#5 పాతకాపు
అయితే అది జతే. మింగడానికైతే ఒళ్ళు చుట్టి బిగిస్తుంది, పట్టు మెడ నుంచి మూతి వైపు జరుపుకుంటూ వస్తుంది, తోకల ఊసే ఉండదు. అలా కనపడితే వెంటనే కరిచినదాని నోటి మీద చల్లటి నీళ్ళు ధారగా పోయాలి. లాగకూడదు. లాగితే పళ్ళు చర్మాన్ని చీరుకుంటూ వస్తాయి, చిన్న గాటు కాస్తా పెద్ద చీలిక అవుతుంది.

#6 డాక్టర్_పొలుసు
నేను పశువైద్యుణ్ణి, సరీసృపాలే ఎక్కువ చూస్తాను. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. అర్ధరాత్రి_ఎలుక గారి మాట సగం నిజం. పైపొర గీరుకుంటే, అంచు లేచిన పొలుసు ఒక్కటుంటే, ఒకటి రెండు కుబుసాలతో చదునైపోతుంది. పంటిగాటు సంగతి వేరు. పైన సూదిమొనంత రంధ్రం, లోపల అంతకన్నా లోతు. పైభాగం త్వరగా మూసుకుపోయి నోటి క్రిములు లోపలే ఉండిపోతాయి. పాముల నోట్లో సూడోమోనాస్, ఏరోమోనాస్ లాంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా మామూలుగానే ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. సరీసృపాల చీము మనలాగా నీళ్ళగా కారదు, గట్టి ముద్దగా కడుతుంది. వాటి తెల్లకణాల్లో చీముని కరిగించే ఎంజైములు సరిగా ఉండవు. అందుకే గాయం ఏమీ కారడం లేదు కాబట్టి బాగుందనుకోవడానికి వీల్లేదు. కొన్ని వారాల తర్వాత చర్మం కింద చిన్న గట్టి ఉండ తగులుతుంది. అప్పుడిక కోసి తీయాల్సిందే, మందు బిళ్ళలతో కరగదు.

ఇప్పుడు చేయాల్సింది:
సెలైన్ కొంచెం గోరువెచ్చగా చేసి గాజుగుడ్డతో తుడవండి. దూది వద్దు, పోగులు పొలుసుల కింద ఇరుక్కుంటాయి. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ని పలచటి టీ రంగు వచ్చేలా నీళ్ళలో కలిపి అద్దండి. కాసేపుంచి సెలైన్‌తో కడిగేయండి. రోజుకి ఒకటి రెండుసార్లు చాలు. సబ్‌స్ట్రేట్ (టబ్ అడుగున పరిచింది) మొత్తం తీసేసి తెల్ల పేపర్ టవల్ వేయండి. వేడివైపు మీ జాతికి సరిపోయే పై అంచులో ఉంచండి, కింగ్‌స్నేక్‌కి 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్. అంతకు మించి పెంచొద్దు. నీళ్ళ గిన్నె ఉండాలి, కానీ గాయం మానేదాకా స్నానాలు, నానబెట్టడాలు వద్దు.

ఒక ప్రశ్న. రెండో ఫొటోలో కింది నుంచి నాలుగో గాటు దగ్గర నల్లచుక్క కనపడుతోంది. అది ఎండిన రక్తమా, లోపల ఇరుక్కున్న పన్నా? భూతద్దంతో చూడండి. మగదాని నోరు కూడా ఒకసారి చూడండి.

#7 కంకిపిల్ల
పన్నా?! పాము పన్ను అంత సులువుగా ఊడుతుందా?

#8 డాక్టర్_పొలుసు
ఊడుతుంది. పాముల పళ్ళు వెనక్కి వంగి, సన్నగా ఉంటాయి, దవడ ఎముకకి గట్టిగా పాతుకుని ఉండవు. జీవితాంతం ఊడుతూ, కొత్తవి వస్తూనే ఉంటాయి. కాబట్టి కరిచినదానికి నష్టం లేదు, కరిపించుకున్నదానికే తంటా. పెంపుడు పాముల మెడగాయం మానకుండా సాగుతోందంటే నేను మొదట వెతికేది పన్ను కోసమే.

#9 చారలపాము
డాక్టర్ గారూ, అదే! పాముని మెత్తటి గుడ్డలో మెల్లగా చుట్టి, మెడ ఒక్కటే బయటికి పెట్టి భూతద్దంతో చూశా. సెలైన్ తుడిచాక ఎండిన రక్తం ఊడింది, కింద పొలుసు అంచున సన్నటి తెల్లటి ముల్లు నిలబడి ఉంది. బయటికి కనపడేది పొలుసు అంచు మందం కూడా ఉండదు. కొన తలవైపు వంగి ఉందా, తోకవైపు వంగి ఉందా అన్నది ఎంత చూసినా అర్థం కావడం లేదు. తీయొచ్చా?

#10 డాక్టర్_పొలుసు
కొన పట్టుకి అందుతుంటే తీయొచ్చు. శుభ్రం చేసిన సన్నమూతి ఫోర్సెప్స్‌తో, నిటారుగా పీకకుండా పన్ను వంపు వెంట లాగండి. పాము పళ్ళు దాని గొంతు వైపు వంగి ఉంటాయి. కాబట్టి మగది ఎటువైపు నుంచి పట్టుకుందో గుర్తు చేసుకుంటే వంపు ఎటో తెలుస్తుంది. ఒక్కసారికే రాకపోతే ఆపేయండి. లోపలికి తవ్వొద్దు, విరగ్గొట్టొద్దు. విరిగితే నా దగ్గరికి కాకపోయినా ఎవరైనా సరీసృపాల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

#11 బోవాబాబు
హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగతో పాటు పన్ను పైకి తేలుతుంది కదా, ఎందుకింత తిప్పలు?

#12 పాతకాపు
బాబూ, నురగ రావడం అంటే మురికి పోవడం కాదు. కొత్తగా పెరిగే కణాలని కూడా అది తినేస్తుంది. పాము గాయం మానడమే నెమ్మది, దాన్ని ఇంకా వెనక్కి తోయడం దేనికి? స్పిరిట్ కూడా వద్దు. మనుషుల యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లలో నొప్పి తెలియకుండా ఉండేందుకు లిడోకేయిన్, బెంజోకేయిన్ లాంటివి కలిపేవి ఉంటాయి. ట్యూబు మీద పేరు చివర 'కేయిన్' అని కనపడితే పక్కన పెట్టేయండి. చిన్న ఒళ్ళుకి ఆ మత్తుమందు ఎక్కువైపోయే ప్రమాదం ఉంది.

#13 డాక్టర్_పొలుసు
సరిగ్గా చెప్పారు. ఆయింట్‌మెంటే కావాలంటే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము పలచగా రాయవచ్చు. పలచగా అంటే కనపడీ కనపడనంత. మందంగా పూస్తే పేపర్ ముక్కలు, మలం అంటుకుని ఇంకా పాడవుతుంది.

#14 చారలపాము
పన్ను వచ్చేసింది! వంపు వెంటే లాగితే జారినట్టు వచ్చింది. గోరు మీద పెట్టుకుని చూశా, వేరు దగ్గర కొంచెం మందం, కొనకి పోయేకొద్దీ వెంట్రుకంత. గాటులోంచి రక్తం చుక్క కూడా రాలేదు. అయోడిన్ అద్ది వదిలేశా.

#15 అర్ధరాత్రి_ఎలుక
నేనూ పోయి మా ఆడవాటి మెడలన్నీ తడిమొచ్చా. ఒకదానికి పాత గాటు దగ్గర చర్మం కింద గట్టిగా బియ్యపు గింజ సైజు తగులుతోంది. మూడు సీజన్లుగా గుడ్లు పెడుతోంది, తిండికి ఢోకా లేదు. ఇదేనా మీరు చెప్పిన ఉండ?

#16 డాక్టర్_పొలుసు
అదే అయ్యుండొచ్చు. మచ్చ గడ్డకట్టినా అలాగే తగులుతుంది, చేత్తో తడిమి తేడా చెప్పలేం. పెరగకపోతే తొందర లేదు. అయినా ఈ సీజన్ జతకి ముందే ఒకసారి చూపించండి. కడుపుతో ఉన్నప్పుడు మత్తు ఇచ్చి కోయడం ఎవరికీ ఇష్టం ఉండదు.

#17 పెట్టెలో_పైథాన్
కింగ్‌స్నేక్ వాళ్ళ బాధలు వేరు, మా బాల్ పైథాన్ బాధలు వేరు. ఇవి కరవడం అరుదు. మగవాటికి క్లోయకా (మలమూత్రాలకీ, జతకీ ఉన్న ఒకటే ద్వారం) పక్కన స్పర్లు (చిన్న గోళ్ళలాంటివి) ఉంటాయి కదా (ఆడవాటికీ ఉంటాయి, చిన్నవి), వాటితో ఆడదాని పక్కలు గీరుతాయి, ఆడది తోక ఎత్తడానికి. కొన్ని మగవి మరీ జోరుగా గీరితే పొట్ట పొలుసుల అంచుల దగ్గర సన్నటి గీతలు పడతాయి. ఎర్రబడ్డా తెరుచుకోదు, దాన్ని నేను గాయం కింద లెక్కేయను, పుస్తకంలో రాసుకుంటా అంతే.

నాకు ఎక్కువ తలనొప్పి మగదాని మూతి. సీజన్‌లో పక్క టబ్ ఆడదాని వాసన తగిలితే రాత్రంతా మూతితో గోడలు తోస్తుంది. జాలీ మూత ఉన్న ట్యాంకైతే ఇంకా దారుణం, ముక్కు మీది పొలుసు అరిగి పుండు పడుతుంది. తిండి కూడా మానేస్తుంది కాబట్టి మానడం ఇంకా ఆలస్యం. దీనికి అందరూ ఏం చేస్తారు?

#18 గడ్డిలో_గీత
జాలీ తీసి గాలిరంధ్రాలు ఉన్న నున్నటి ప్లాస్టిక్ పెట్టె వాడండి. మగదాన్ని ఆడదాని గదిలోనే వేరుగా ఉంచకండి. వాసన అంతే కదా అని తీసిపారేయకండి. రెడ్ సైడెడ్ గార్టర్ పాముల్లో ఆడదాని చర్మం మీది ఫెరమోన్ ఏమిటో 1989లో కనిపెట్టారు, మిథైల్ కీటోన్లు. ఆ వాసనే కెనడాలోని మానిటోబాలో వసంతంలో ఒక్క ఆడదాని చుట్టూ మగవాటిని గుంపుగా చేర్చేది. చర్మం కొవ్వులో ఉండే ఈ పదార్థం గాలికి ఎగిరిపోయేది కాదు, ఆడది పాకిన చోటల్లా అంటుకుని ఉంటుంది. అందుకే ఆడదాన్ని పట్టుకున్న చేత్తో మగదాని టబ్ ముట్టుకున్నా మీ వాడికి రాత్రంతా నిద్ర ఉండదు.

#19 పెట్టెలో_పైథాన్
ఇది ఎప్పుడూ తట్టలేదు! నేను వరసగా అన్ని టబ్బులూ ఒకే చేత్తో శుభ్రం చేస్తా. ఇక మగవాటిని ముందు, ఆడవాటిని తర్వాత.

#20 బోవాబాబు
చేతులు కడుక్కుంటే పోయేదానికి క్రమం ఎందుకన్నా 😄

ఒక సందేహం. మా బోవా మగది ఈసారి మొద్దులా పడి ఉంది, ఆడదాని వైపు కన్నెత్తి చూడటం లేదు. ఇంకో మగదాన్ని ఓ గంట పక్కన వదిలితే పౌరుషం వస్తుందని ఒకాయన చెప్పాడు. చేయొచ్చా?

#21 పాతకాపు
చేస్తారు, ఫలితం వచ్చిందనే వాళ్ళూ ఉన్నారు. నేను చేయను, చేయమని ఎవరికీ చెప్పను. మగవాటి పోట్లాట జాతిని బట్టి ఉంటుంది. బోవాలు స్పర్లతో గీరుకుని, నొక్కుకుని సరిపెట్టుకోవచ్చు. కార్పెట్ పైథాన్ మగవి మాత్రం కొరుక్కుంటాయి, అవి పట్టుకోవడం కాదు, కోయడం. విచిత్రం ఏమిటంటే కార్పెట్ పైథాన్ జాతిలోదే అయిన డైమండ్ పైథాన్‌లో మగవి ఒకే ఆడదాని చుట్టూ చేరినా పోట్లాడుకోవు. కాబట్టి ఎవరో ఏదో జాతితో చేసిందాన్ని మీ దానికి అన్వయించకండి.

మగది మొద్దుగా ఉందంటే ముందు రాత్రి ఉష్ణోగ్రత తగ్గించారా, బరువు సరిపోయిందా, వయసుందా, అది చూడండి. మగదే కాదేమో అన్నది కూడా చూడండి.

#22 బోవాబాబు
మగదే అన్నా, కొనేటప్పుడు ప్రోబ్ (తోక మొదట్లో సన్నటి కడ్డీ దూర్చి చూడటం, లోతుకి పోతే మగది) చేసి చూపించారు.

#23 గడ్డిలో_గీత
ప్రోబ్ చేయించుకున్న పాముల మీదే నాకు ఎక్కువ అనుమానం. పాము కండరం బిగిస్తే మగదానిలో ప్రోబ్ లోపలికి పోదు, ఆడదనుకుంటారు. మొండిగా తోస్తే ఆడదానిలో కూడా లోతుకి పోతుంది, లోపల చిరిగి. నాకు తెలిసిన ఒక జంటని జత కోసం కలిపితే రెండూ మెలికలు వేసుకుని ఒకదాన్నొకటి కిందికి నొక్కుకోవడం మొదలెట్టాయి. చూసినవాళ్ళు జత కడుతున్నాయని మురిసిపోయారు. తీరా రెండూ మగవే. ఒకదాని వీపు మీద పొడుగాటి చీలిక, కుట్లు పడ్డాయి.

#24 డాక్టర్_పొలుసు
నిజమే, దాన్ని జత అనుకోవడం చాలా మామూలు. తేడా చూడండి. జతలో మగది ఆడదాని వీపు మీద సర్దుకుంటుంది, తోకలు కలుస్తాయి, ఆడది ఎక్కువగా ఊరకే ఉంటుంది. పోట్లాటలో రెండూ ముందుభాగాలు పైకి లేపి ఒకదాని తలని ఒకటి నేలకి నొక్కాలని చూస్తాయి.

#25 కంకిపిల్ల
అందరూ క్షమించాలి, మధ్యలో దూరుతున్నా. అర్జెంట్. కార్న్ స్నేక్ జంట ఇప్పుడే విడిపోయాయి. మగదాని తోక మొదట్లో ఎర్రగా, ముళ్ళుముళ్ళుగా ఒక ముద్ద బయటే ఉండిపోయింది. లోపలికి పోవడం లేదు. ఆస్పెన్ పొట్టు అంటుకుంది. ఏం చేయాలి?

#26 పాతకాపు
అది హెమిపెనిస్ అమ్మా, మగదాని జననాంగం. భయపడకు, విడిపోయిన వెంటనే కొంచెంసేపు బయట ఉండటం మామూలే. ఎంతసేపైంది? ముందు పాముని పొట్టులోంచి తీసి తడి పేపర్ టవల్ మీద పెట్టు. అది ఆరిపోకూడదు, అదే ముఖ్యం.

#27 కంకిపిల్ల
అన్నం తినడానికి ముందు చూశా, తిన్నాక వచ్చి చూసినా అలాగే ఉంది. ఇప్పుడు తడి టవల్ మీద పెట్టా.

#28 డాక్టర్_పొలుసు
సెలైన్ ధారగా పోసి పొట్టు కడిగేయండి, గిల్లి తీయొద్దు. తర్వాత చక్కెర నీళ్ళలో కరిగినంత కరిగించి, చిక్కటి ద్రావణంలో గాజుగుడ్డ తడిపి దాని మీద కప్పండి. వాపులోని నీరు చక్కెర వైపు లాక్కుపోతుంది, సైజు తగ్గితే దానంతట అదే లోపలికి పోయే అవకాశం ఎక్కువ. ఆరకుండా నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ రాస్తూ ఉండండి. వేలితో నెట్టొద్దు. రంగు ముదురు ఎరుపు దాటి ఊదా, నలుపు వైపు పోతే, లేదా ఈ రాత్రికి లోపలికి పోకపోతే పొద్దున్నే కచ్చితంగా చూపించండి. ఎండిపోయి చచ్చుబడితే తీసేయాల్సి వస్తుంది.

#29 బోవాబాబు
తీసేస్తే ఇక మగది పనికిరాదా? మూత్రం ఎలా మరి?

#30 డాక్టర్_పొలుసు
పాము మూత్రానికీ దానికీ సంబంధం లేదు, అది క్లోయకా నుంచి పోతుంది. హెమిపెనిస్‌లు రెండు ఉంటాయి, ఒక్కసారికి ఒకటే వాడుతుంది. ఒకటి పోయినా రెండోదానితో జత కడుతుంది. అలాగని నిర్లక్ష్యం చేయమని కాదు.

#31 గడ్డిలో_గీత
ఇందాక ముళ్ళుముళ్ళుగా ఉందన్నారు చూడండి, లాక్ అయిన జంటని చేత్తో విడదీయకూడదనేది అందుకే. చాలా జాతుల్లో ఆ ముళ్ళే లోపల పట్టు ఇస్తాయి. లాగితే మగదానికీ చిరుగుతుంది, ఆడదాని క్లోయకా లోపలా చిరుగుతుంది. టబ్‌లో హైడ్‌లు (పాము దాక్కునే గూళ్ళు), కొమ్మలు, గిన్నెలు కిక్కిరిసి ఉంటే ఆడది ఒకదాంట్లోంచి దూరుతూ మగదాన్ని ఈడ్చుకుపోతుంది. హాగ్‌నోజ్ పాముల్లో ఆడది మగదానికన్నా ఎంతో పెద్దది కాబట్టి ఈడ్చడం మరీ ఎక్కువ. జత వేసే టబ్‌లో నీళ్ళ గిన్నె, ఒక పెద్ద హైడ్ తప్ప ఏమీ వద్దు.

#32 కంకిపిల్ల
పొద్దున్నే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళా. రాత్రికి సగం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆయన శుభ్రం చేసి లోపలికి పెట్టి, మళ్ళీ జారకుండా చుట్టూ చిన్న కుట్టు వేశారు. రంగు బాగుంది కాబట్టి తీసేయక్కర్లేదట. ఈ సీజన్‌కి ఇక జత లేదు. అందరికీ చాలా చాలా థాంక్స్. డాక్టర్ గారూ, చక్కెర సంగతి వినగానే మా ఆయన నన్ను పిచ్చిదాన్నన్నాడు, వైద్యుడు కూడా అదే చేస్తుంటే నోరు మూశాడు.

ఆడదాని క్లోయకా దగ్గర తెల్లగా జిగురులాంటిది కనపడుతోంది. చీమేనా?

#33 గడ్డిలో_గీత
వాసన లేకుండా, చుట్టూ వాపు లేకుండా ఉంటే జత తర్వాత వచ్చే ద్రవం గడ్డకట్టి ఉంటుంది. గార్టర్ పాముల్లో మగది ఏకంగా జిగురు బిరడా పెట్టి వదిలేస్తుంది, కొద్ది రోజుల్లో దానంతట అదే పోతుంది. పీకొద్దు. మగవాటి తోక దగ్గర కూడా అప్పుడప్పుడు మైనంలాంటి ముక్కలు రాలతాయి, అవీ చీము కాదు.

#34 డాక్టర్_పొలుసు
అదే. ఒకటి రెండు రక్తపుచుక్కలు, పెదవుల్లా కొంచెం ఉబ్బడం జత తర్వాత చూస్తాం, ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. తగ్గకుండా రక్తం వస్తూంటే, లోపలి పొర బయటికి కనపడితే, దుర్వాసన వస్తే చూపించాలి. చెప్పడం మర్చిపోయా, జత తర్వాత టబ్బులు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి, సాల్మొనెల్లా ఆరోగ్యంగా ఉన్న పాముల్లో కూడా ఉంటుంది.

#35 చారలపాము
నా ప్రశ్నలో ఒకటి మిగిలింది. మళ్ళీ జత వేయాలా? ఒకసారే లాక్ అయ్యాయి. మామూలుగా రెండు మూడుసార్లు వేస్తారు కదా.

#36 అర్ధరాత్రి_ఎలుక
నేనైతే వేస్తా. సీజన్ పోతే ఏడాది పోయినట్టే. గాయం మీద పడకుండా మగదాన్ని కొంచెం తిండి పెట్టి పంపండి.

#37 పాతకాపు
నేనైతే వేయను. మగది మళ్ళీ పట్టుకునేది అదే చోట, అదే మెడ. పచ్చిగా ఉన్న గాటు మీద పట్టు పడితే పొలుసు కాదు, చర్మమే ఊడుతుంది. ఒక్క లాక్ బాగా జరిగితే చాలు. ఆడది వీర్యాన్ని దాచుకోగలదు, దానికి అవసరమైనప్పుడు వాడుకుంటుంది. రెండోసారి, మూడోసారి వేయడం మన తృప్తికే ఎక్కువ.

#38 పెట్టెలో_పైథాన్
పాతకాపు గారి మాటే నాదీ. పైగా కొత్తగా తెచ్చిన మగదైతే రెండోసారి గురించి మాట్లాడేముందు క్వారంటైన్ గురించి మాట్లాడాలి. పంటిగాటంటే రక్తం రక్తం కలిసినట్టే. బోవాల్లో ఇంక్లూజన్ బాడీ జబ్బు, పైథాన్లలో నిడోవైరస్ ఉన్నవి బయటికి బాగానే కనపడతాయి. మగదాన్ని వాళ్ళ దగ్గర వీళ్ళ దగ్గర అరువు తెచ్చుకుని జత వేసేవాళ్ళని చూస్తే నాకు గుండె దడ.

#39 డాక్టర్_పొలుసు
నా ఓటు కూడా ఆపేయడానికే, కనీసం తర్వాతి కుబుసం దాకా. కారణం మెడ ఒక్కటే కాదు. ఆడది ఇప్పుడు ఒంట్లోని నిల్వలు తీసి గుడ్లకి పెడుతూ ఉంటుంది, గాయం మాన్పుకోవడానికి కూడా ఆ నిల్వలే కావాలి. ఇన్ఫెక్షన్ ముదిరితే ఇంజెక్షన్లు రోజుల తరబడి నడుస్తాయి. కడుపుతో ఉన్నదానికి అది కూడా ఇబ్బందే, కిడ్నీ మీద భారం పడే మందులైతే ఒంట్లో నీళ్ళు తగ్గకుండా చూసుకోవాలి.

తిండి గురించి ఒక సంగతి. ఎలుక మింగేటప్పుడు మెడ చర్మం పొలుసులు విడివిడిగా కనపడేంత సాగుతుంది, గాటు మళ్ళీ తెరుచుకుంటుంది. కాబట్టి కొన్నాళ్ళు మామూలుగా ఇచ్చేదానిలో సగం సైజుది, కావాలంటే రెండు ఇవ్వండి.

బ్రూమేషన్‌కి పంపే ఆలోచనలో ఉన్నవాళ్ళు: పచ్చి గాయం ఉన్న పాముని చల్లబరచొద్దు. సరీసృపాల్లో మానే వేగం ఉష్ణోగ్రత మీదే ఆధారపడి ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు క్రిములు గెలుస్తాయి.

#40 చారలపాము
సరే, ఆపేశా. మగదాని నోరు కూడా చూశా డాక్టర్ గారూ, చిగురు ఒకచోట కొంచెం కమిలింది అంతే. వాడు తిన్నాడు కూడా.

#41 చారలపాము
అప్‌డేట్. ఆడది కుబుసానికి వచ్చింది, కళ్ళు నీలంగా మారి మళ్ళీ తేటపడ్డాయి. ఒళ్ళంతా ఒకే గొట్టంలా వచ్చింది కానీ మెడ దగ్గర గాట్ల మీద చిన్న ముక్క అతుక్కుపోయింది. లాగబుద్ధి వేసింది, ఆగాను. పొట్ట కింద వెనకభాగం బరువుగా, ఉబ్బుగా ఉంది. ఇది గుడ్లకి ముందు కుబుసమేనా?

#42 పాతకాపు
ఆగడం మంచిదైంది. లాగితే దాంతోపాటు కింది కొత్త పొలుసు కూడా వస్తుంది. తడి స్ఫాగ్నమ్ నాచు ఉన్న హైడ్ పెట్టండి, ఒకటి రెండు రాత్రుల్లో మెత్తబడి తనే రాసుకుంటుంది. ఉబ్బు చూస్తే గుడ్లకి ముందుదే. కింగ్‌స్నేక్‌లు ఈ కుబుసం తర్వాత వారం నుంచి రెండు వారాల్లో పెడతాయి. గుడ్ల పెట్టె ఇప్పుడే లోపల పెట్టేయండి.

#43 చారలపాము
నాచు తడిగా ఉంటుంది కదా, గాయానికి తడి వద్దన్నారుగా?

#44 డాక్టర్_పొలుసు
పచ్చి గాయానికి వద్దు. ఇప్పుడు ఫొటోలో గాట్లన్నీ మూసుకున్నాయి, మచ్చ లేతరంగులో చదునుగా ఉంది, ఇప్పుడు తడి ఇబ్బంది లేదు. నాచు పిండితే చుక్కలు కారకూడదు, అంతే. గుడ్ల పెట్టె లేకపోతే తడి చోటు వెతుక్కుంటూ మూతి అరగదీసుకుంటుంది, నీళ్ళ గిన్నెలో పెట్టినా పెట్టేస్తుంది. రెండు వారాలు దాటినా పెట్టకుండా, నెట్టుకుంటూ అవస్థపడుతుంటే చూపించండి.

#45 చారలపాము
తొమ్మిది గుడ్లు! ఎనిమిది తెల్లగా, గట్టిగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, ఒకటి పసుపురంగులో చిన్నగా, జెల్లీగా ఉంది. మెడ మీద అతుక్కున్న కుబుసం ముక్క కూడా దానంతట అదే ఊడింది. మచ్చ దగ్గర రెండు పొలుసులు కొంచెం వంకరగా వచ్చాయి, నలుపు చారలో తెల్లటి గీత పడింది.

#46 కంకిపిల్ల
అబ్బ! శుభాకాంక్షలు. మా వాడికి కుట్టు తీసేశారు, బాగానే ఉన్నాడు. ఆ వంకర పొలుసులు సరవుతాయా?

#47 డాక్టర్_పొలుసు
కొంత సరవుతాయి, పూర్తిగా కాకపోవచ్చు. వచ్చే ప్రతి కుబుసంలో ఆ చోట ముక్క మిగిలిందేమో చూసుకోవడం తప్ప చేయాల్సింది లేదు. చారలపాము గారూ, ఆ పసుపు గుడ్డు ఫలదీకరణం కానిది, విడిగా ఊడివస్తే తీసేయండి, అతుక్కుని ఉంటే లాగొద్దు. గుడ్లని తిప్పకుండా ఉన్నవి ఉన్నట్టు ఇంక్యుబేటర్‌లోకి మార్చండి. ఆడదానికి ముందు నీళ్ళు, ఒకట్రెండు రోజుల తర్వాత చిన్న ఎలుక.

#48 పెట్టెలో_పైథాన్
మా మగదాని ముక్కు పుండు గురించి కూడా ఒకసారి చెబుదురూ. నున్నటి పెట్టెలోకి మార్చా, తోయడం తగ్గింది. పెచ్చు కట్టింది, ఊడదీయాలా?

#49 డాక్టర్_పొలుసు
ముట్టుకోకండి. పెచ్చు చుట్టూ వాపు లేకుండా, నోరు మూసినప్పుడు పెదవులు సరిగా కలుస్తుంటే చాలు. నోటి లోపల ఎరుపు, చిక్కటి జిగురు కనపడితే అది మూతి దాటి నోటిపూత వైపు పోతున్నట్టు, అప్పుడు తీసుకురండి.